కూలిన గోడ ఇటుకలు ఎక్కడ?



దసరా వస్తే మన ఇళ్ళలో బొమ్మల కొలువు పెడతాం. మైసూరు వైపు దీన్నే గొంబె హబ్బ అంటారు, తమిళనాట గొలు అంటారు. పేరు ఏదైనా, మెట్ల మీద బొమ్మలు అమర్చడం అయిపోయాక కింద ఒక మూల పిల్లలకు వదిలేస్తాం. వాళ్ళు అక్కడ తడి మట్టి పరిచి, మెంతులో ఆవాలో చల్లి మొలకెత్తించి పచ్చిక చేస్తారు. అద్దం ముక్క పెట్టి చెరువంటారు. రాళ్ళు పేర్చి కొండంటారు. పేరంటానికి వచ్చినవాళ్ళు పై మెట్టు మీది బొమ్మలకు దణ్ణం పెట్టి, వంగి మరీ చూసేది ఆ కింది మూలనే.

ఆ మూలలో పిల్లలు చేసే పని ఐరోపా, అమెరికా, జపాన్ దేశాల్లో ఒక వృత్తి. యుద్ధ ట్యాంకులు, సైనిక వాహనాలు, సైనికుల నమూనాలు చేసి దాచుకునే అభిరుచి అక్కడ ఎంతోమందికి ఉంది. ట్యాంకు బొమ్మ పెట్టెలో విడిభాగాలుగా వస్తుంది, కొన్నవాడు అతికించుకుంటాడు. కానీ ట్యాంకును ఉత్త బల్ల మీద పెడితే ఏం బాగుంటుంది? దాని కింద నేల కావాలి. బురద, రాళ్ళ వీధి, కూలిన ఇల్లు, విరిగిన చెట్టు కావాలి. ఈ నేలను, గోడలను చేసి అమ్మి బతికేవాళ్ళు ఉన్నారు. ఇలా నేలతో సహా అమర్చిన దృశ్యాన్ని డయోరమా అంటారు. ఈ మాట పుట్టింది పారిస్‌లో. 1822లో డాగేర్, బూతోన్ అనే ఇద్దరు చిత్రకారులు పెద్ద తెరల మీద దృశ్యాలు గీసి, వెలుతురు మార్చుతూ చూపించే ప్రదర్శనశాల తెరిచి దానికి ఆ పేరు పెట్టారు. తరువాత ఆ మాట తెరల నుంచి దిగి బొమ్మల దృశ్యాల మీద స్థిరపడింది.

ఈ పనిలోకి దిగేవాళ్ళకు మొదట తెలియవలసింది కొలత. ముప్పై ఐదో వంతు అంటే అసలు వస్తువులో ముప్పై ఐదు సెంటీమీటర్లు బొమ్మలో ఒక సెంటీమీటరు అవుతుందని అర్థం. ఇది అందరికంటే ఎక్కువ వాడుకలో ఉన్న కొలత. దీన్ని జపాన్‌లోని తమియా కంపెనీ 1960ల మొదట్లో చేసిన పాంథర్ ట్యాంకు బొమ్మతో తెచ్చింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా బొమ్మను చేశారు. చేశాక లెక్క వేస్తే ముప్పై ఐదో వంతుకు వచ్చింది. అదే నిలిచిపోయింది. ఇంతకంటే పెద్దవి పదహారో వంతు, ఆరో వంతు కొలతలు. అయిదడుగుల ఏడంగుళాల మనిషి ముప్పై ఐదో వంతులో సుమారు 5 సెంటీమీటర్లు ఉంటాడు, పదహారో వంతులో పదిన్నర, ఆరో వంతులో 28. జర్మన్ల టైగర్ ట్యాంకు ఫిరంగి గొట్టంతో కలిపి సుమారు ఎనిమిదిన్నర మీటర్ల పొడవు. పదహారో వంతులో అది 53 సెంటీమీటర్లు. ఆరో వంతులో 140 సెంటీమీటర్లు, అంటే మన నాలుగో తరగతి పిల్లవాడంత పొడవు. అంత ట్యాంకు పక్కన నిలబడే మేడ ఎంత ఉండాలో మీరే ఊహించండి.

ఈ కొలతల దగ్గరే నేను ఒక పొరపాటు చేశాను. ఈ రోజు మీతో మాట్లాడాలనుకోవడానికి కారణం అదే.

మా బడిలో చదివిన ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ళ నాన్న తాపీ పని చేస్తారు. పిల్లవాడికి చదువు మీద కంటే చేతిపని మీద ధ్యాస ఎక్కువ. బడి ప్రదర్శనకు ఒకసారి ముప్పై ఐదో వంతు కొలతలో కూలిన వీధి మూల ఒకటి చేశాడు. రెండు గోడలు, ఒక కిటికీ, ముందు రాళ్ళ బాట. చూడవచ్చినవాళ్ళలో ఒకరికి నమూనాల సరదా ఉంది. ఆయన అది చూసి, అలాంటిదే పదహారో వంతులో చేసి ఇస్తావా, ఎంత తీసుకుంటావు అని అడిగారు. అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. "సార్, దీనికి ఆరు వందల గ్రాముల ప్లాస్టర్ పట్టింది. దానికి ఎంత పడుతుంది?" అన్నాడు. ముప్పై ఐదుకు పదహారు, అంటే రెండింతల పైచిలుకు. ఖర్చు కూడా రెండింతలు వేసుకో, కాస్త కలుపుకో, చాలు అన్నాను. వాడు అదే ధర చెప్పి బయానా తీసుకున్నాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. "సార్, ప్లాస్టర్ అయిపోయింది. గోడ సగం కూడా లేవలేదు" అన్నాడు. అప్పుడు నాకు వెలిగింది. పొడవు రెండింతలైతే వెడల్పూ రెండింతలవుతుంది, మందమూ రెండింతలవుతుంది. సరిగ్గా లెక్క వేస్తే పొడవు 2.2 రెట్లు, వైశాల్యం 4.8 రెట్లు, ఘనపరిమాణం పదిన్నర రెట్లు. ఆరు వందల గ్రాములు పోసిన చోట ఆరు కిలోలు దాటి పోయాలి. తొమ్మిదో తరగతికి ఏటేటా నేను చెప్పే పాఠమే. పుస్తకంలో ఘనం కనిపిస్తే గుర్తొచ్చే లెక్క, పిల్లవాడి గోడ కనిపిస్తే నాకు గుర్తు రాలేదు. వాడు మాట తప్పలేదు. అప్పు చేసి పూర్తి చేసి ఇచ్చాడు. మూడు వారాల కూలి పోయింది, చేతి డబ్బు కూడా పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

ఈ పనిలో చేతి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళలో మావాడు మొదటివాడు కాడు. విలియం సైబోర్న్ అని ఒక బ్రిటిష్ సైనికాధికారి ఉండేవాడు. 1815 జూన్ 18న జరిగిన వాటర్లూ యుద్ధానికి నమూనా చేయమని 1830లో ఆయనకు పని అప్పగించారు. ఆయన బెల్జియం వెళ్ళి, ఆ యుద్ధభూమిలోనే ఉన్న లా హే సాంట్ అనే పొలం ఇంట్లో ఎనిమిది నెలలు ఉండి, నేల ఎత్తుపల్లాలన్నీ కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాశాడు. మీ దళం ఎక్కడ ఉంది, ఎదుట శత్రువు ఎక్కడ ఉన్నాడు అని అడగడంతో ఆగలేదు. మీరు నిలబడ్డ చోట ఆ రోజు ఏ పంట ఉంది అని కూడా అడిగాడు. యుద్ధం జరిగి పదిహేనేళ్ళు దాటిన తరువాత, పొలంలో పైరు ఏమిటని అడిగిన మనిషి ఆయన. నేల నిజం కాకపోతే దాని మీద నిలిపిన డెబ్బై వేల పైచిలుకు సైనికుల బొమ్మలూ అబద్ధమే అవుతాయని ఆయనకు తెలుసు.

అంత తెలిసినవాడు ఖర్చు దగ్గర ఓడిపోయాడు. 1833లో ప్రభుత్వం ఇక డబ్బు ఇవ్వనంది. ఆయన ఆపలేదు. సొంత డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు పెట్టి పూర్తి చేశాడు. మొత్తం మూడు వేల పౌండ్ల దాకా అయింది. 1838లో లండన్‌లో ప్రదర్శిస్తే జనం విరగబడి చూశారు. అయినా అప్పు తీరలేదు. 1849లో ఆయన చనిపోయేనాటికి కూడా ఆ బరువు దిగలేదు. ఇప్పుడు ఆ నమూనా లండన్‌లోని జాతీయ సైనిక మ్యూజియంలో ఉంది. పనితనం నిలిచింది, పనివాడు నలిగిపోయాడు.

దీనికి భిన్నమైన దారి తరువాతి కాలంలో కొందరు కనుక్కున్నారు. అమెరికాలో షికాగోకు చెందిన షెపర్డ్ పెయిన్ 1970లలో మోనోగ్రామ్ కంపెనీ బొమ్మల పెట్టెల్లో పెట్టే కరపత్రాల కోసం దృశ్యాలు చేశాడు. ఈ బొమ్మతో ఇలాంటి దృశ్యం మీరూ చేయవచ్చు, ఇదిగో ఇలా చేయాలి అని వాటిలో వివరించాడు. 1980లో డయోరమాలు చేసే విధానం మీద పుస్తకం రాశాడు. దాన్ని చూసి నేర్చుకున్నవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. ఆయన 2015లో చనిపోయాడు. బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిందన్ ఇంకో అడుగు వేశాడు. కూలిన ఇళ్ళు, గోడలు, చిన్న చిన్న సామాన్లు అచ్చుల్లో పోసి పెట్టెలో పెట్టి అమ్మాడు. ఒకసారి కష్టపడి చేసిన గోడ వందలమంది ఇళ్ళకు చేరే మార్గం అది.

ఇక పని ఎలా చేస్తారో చెబుతాను. పెద్ద కొలతలో గోడను నిండుగా పోయకూడదు. మా అబ్బాయి నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. లోపల తేలికైన నురుగు పలక పెట్టి, పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల పూత మాత్రమే వేయాలి. అప్పుడు ప్లాస్టర్ ఘనపరిమాణాన్ని బట్టి పెరగదు, వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. పదిన్నర రెట్లు కావలసింది అయిదు రెట్ల లోపు వస్తుంది. మామూలు థర్మకోల్ అయితే కోస్తే గుళికలుగా రాలిపోతుంది. కప్పుల మీద వేడి ఆపడానికి పరిచే గట్టి నురుగు పలకలు ఉంటాయి, వాటిని ఎక్స్‌పీఎస్ అంటారు. అవి నున్నగా తెగుతాయి, పెన్సిల్ మొనతో నొక్కితే ఇటుక సందుల గీతలు పడతాయి. వాటి మీద డబ్బా స్ప్రే రంగు నేరుగా కొట్టకండి, దానిలోని ద్రావకం నురుగును తినేస్తుంది. ముందు నీళ్ళతో కలిపే రంగు ఒక పూత వేయాలి.

నేల కోసం అసలు మట్టే వాడతారు. సన్నగా జల్లించి, పురుగు లేకుండా బాగా వేడి చేసి ఆరబెట్టిన మట్టి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు సగం, నీళ్ళు సగం కలిపి, ఒక చుక్క సబ్బు నీళ్ళు వేస్తే అది మట్టిలోకి సులువుగా ఇంకుతుంది. గడ్డికి సన్నని నైలాన్ పీచు వాడతారు. చిన్న విద్యుత్ పరికరంతో చల్లితే ఆ పీచు జిగురు మీద నిటారుగా నిలబడుతుంది. ఎండుటాకులకు కాచి ఆరబెట్టిన టీ పొడి పనికొస్తుంది. చెట్లకు ఎండిన మొక్కల వేళ్ళు. నీటి గుంటకు పారదర్శకమైన ఎపాక్సీ రెజిన్. దాన్ని పలుచగా పొరలు పొరలుగా పోయాలి, ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగుళ్ళు ఇస్తుంది. రెజిన్‌తో పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి పెట్టండి, చేతులకు తొడుగులు వేసుకోండి. గట్టిపడ్డాక రుద్దేటప్పుడు ముక్కుకు మాస్క్ తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇవన్నీ చేతికి వస్తాయి. కంటికి రావలసింది వేరే ఉంది. మా అబ్బాయి మొదటి గోడ చేసినప్పుడు వాళ్ళ నాన్న వచ్చి చూశారు. చాలాసేపు చూసి, "గోడ కూలింది సరే గాని, ఇటుకలు ఎక్కడ్రా?" అన్నారు. గోడలో బండి దూరేంత కన్నం ఉంది. కింద నాలుగు ఇటుక ముక్కలే ఉన్నాయి. తక్కినవి ఏమైనట్టు? ముప్పై ఏళ్ళుగా గోడలు కట్టిన మనిషి, పడగొట్టిన మనిషి వేసిన ప్రశ్న అది. కన్నంలో లేని ఇటుకలన్నీ కింద కుప్పగా కనిపించాలి. పెద్దవి గోడ దగ్గర, చిన్నవి దూరంగా, అన్నిటి మీదా సున్నం దుమ్ము. పైకప్పు పడితే దాని పెంకులు కుప్ప పైన కాదు, ఏది ముందు పడిందో దాన్ని బట్టి ఉంటాయి. పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసే సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పేశారు.

అలాగే ట్యాంకు నేల మీద తేలకూడదు. టైగర్ ట్యాంకు బరువు 57 టన్నులు. అది నిలిచిన చోట మెత్తని నేల కుంగాలి, వెనకాల గొలుసుల జాడ ఉండాలి. వాన నీటి మరక గోడ మీద కిందికే జారాలి. ఏ ఊరి దృశ్యమైతే ఆ ఊరి నేల ఉండాలి. 1944 జూన్‌లో మిత్రదేశాల సేనలు దిగిన ఫ్రాన్స్ నార్మండీ ప్రాంతాన్నే తీసుకోండి. అక్కడ కాఁ పట్టణం చుట్టుపక్కల ఇళ్ళు లేత పసుపు సున్నపురాతివి, ఎర్ర ఇటుక గోడ పెడితే తెలిసినవాడు నవ్వుతాడు. అదే నార్మండీలో పడమటి వైపు పొలాల గట్లు మన వరి గట్ల లాంటివి కావు. మనిషి ఎత్తు మట్టి కట్టలు, వాటి మీద దట్టమైన చెట్లూ పొదలూ. ఆ గట్ల చాటున ఎవరున్నారో తెలియకనే ఎంతోమంది సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నేల అక్కడ వెనక తెర కాదు, చావుబతుకుల్ని నిర్ణయించింది. నమూనా చేసేవాడు ఆ సంగతి మరిచిపోకూడదు. అది ఎవరో ఒకరు పడిపోయిన చోటు. దాన్ని చేసే చేతిలో కొంత మర్యాద ఉండాలి.

చివరగా అమ్మకం. ఒక్కొక్కటీ చేత్తో చేసి అమ్మితే కూలి గిట్టడం కష్టం. అందుకని మొదటి గోడను శ్రద్ధగా చేసి, దాని మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ప్లాస్టరో రెజినో పోస్తారు. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు కూడా వచ్చాయి, కిటికీలు, తలుపులు, దీపస్తంభాల వంటివి వాటితో చేస్తున్నారు. అయితే అచ్చు కలకాలం ఉండదు, వాడేకొద్దీ చినుగుతుంది. దాని ఖర్చును ముక్కల మీద పంచాలి.

మాటవరసకు ఒక లెక్క చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. అచ్చుకు 6000 రూపాయలై, ముప్పై ముక్కలు వచ్చాయనుకోండి. ముక్కకు 200. సామాను 700. ఎనిమిది గంటల పని, గంటకు 100 చొప్పున 800. పెట్టె, ప్యాకింగు 200. మొత్తం 1900. దారిలో విరిగేవాటి కోసమని పదో వంతు కలిపితే 2090. ఇది అసలు ఖర్చు. లాభం దీని పైన వేసుకోవాలి. చాలామంది సామాను 700 చూసి, రెండింతలు చేసి 1400కు అమ్ముతారు. లాభం వచ్చిందని సంబరపడతారు. నిజానికి తమ కూలి తామే ఎదురిస్తున్నారు.

రవాణా ఇంకో లెక్క. విదేశాలకు పంపే కొరియర్లు చాలావరకు బరువు ఒక్కటే చూడవు, పెట్టె ఎంత చోటు తింటుందో కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. 60, 40, 25 సెంటీమీటర్ల పెట్టె అయితే 12 కిలోలు. లోపలి గోడ మూడు కిలోలే ఉన్నా 12 కిలోల డబ్బే కట్టాలి. అందుకని గోడలను పలకలుగా విడదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పంపుతారు. కొన్నవాడు అతికించుకుంటాడు. ఆ సంగతి, కొలత, రంగు వేసి ఉందా లేదా అన్నది ముందే స్పష్టంగా చెప్పాలి. ఫోటోలో పక్కన ఒక స్కేలు పెట్టి చూపించడం అందరికీ మంచిది.

మా అబ్బాయి ఇప్పుడు పగలు నాన్నతో తాపీ పనికి వెళతాడు, సాయంత్రాలు గోడలు చేస్తాడు. దీనితోనే ఇల్లు గడుస్తుందని నేను చెప్పను, వాడూ చెప్పడు. కానీ అప్పు తీర్చాడు. ఏ పని ఒప్పుకునే ముందైనా ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెడతాడు. "సార్, మూడుసార్లు గుణించాను, చూడండి" అంటాడు. నేను కళ్ళజోడు తుడుచుకుని, తప్పు పోకుండా చూస్తాను.

ఈసారి దసరాకు కొలువు కింద మీ పిల్ల గానీ పిల్లవాడు గానీ మట్టి పరిచి చెరువు చేస్తుంటే, ఆటలే అని కసరకండి. పక్కన కూర్చోండి. ఇది ఎన్నో వంతు అని అడగండి, ఎంతైంది అని అడగండి. గోడ కడితే కూలిన ఇటుకలు ఎక్కడ అని అడగండి. చేతిలో ఉన్న పనికి కొలత లెక్క, ఖర్చు లెక్క రెండూ తోడైతే ఆ చెయ్యి ఎక్కడున్నా బతుకుతుంది.